ఇరవై నిమిషాల పరీక్ష

ఆయనకు అసలు పేరొకటి ఉండేది గానీ, జీతం కాగితం మీద తప్ప సర్వీస్ సెంటర్‌లో దాన్ని ఎవరూ వాడేవారు కాదు. అందరికీ ఆయన 'లోపంలేదు గారు'. ఆ పేరు పెట్టింది ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేసే లావుపాటి మనిషి. ఒళ్ళుకు తగ్గ గొంతు, గొంతుకు తగ్గ నోరు.

"బాబాయ్, నీ చేతికి శవాన్నిచ్చినా ఇరవై నిమిషాలు చూసి లోపం లేదనేస్తావు" అనేవాడతను. గదంతా నవ్వేది. ఆయన కూడా నవ్వేవాడు.

ఆ గదికి వచ్చేవన్నీ వైఫై రూటర్లు. కొన్నవాళ్ళు బాగోలేదని దుకాణాల్లో తిరిగి ఇచ్చేస్తే, అవి అట్టపెట్టెల్లో రెండో అంతస్తుకు ఎక్కేవి. కిటికీలు మూసిన పొడవాటి గది, పగలంతా ఏసీ. పని పద్ధతి ఎవరికైనా ఒక్క పూటలో వస్తుంది. ముందు రూటరు వెనకున్న సన్నటి కన్నంలో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కాలి. దాంతో కొన్నవాళ్ళ పేర్లు, పాస్‌వర్డులు, అది ఎప్పుడు ఏం చేసిందో రాసుకున్న చిట్టా, అన్నీ చెరిగిపోతాయి. పరాయివాళ్ళ సంగతులు మనం చూడకూడదని ఆ నియమం. తర్వాత దానికి నాలుగు ఫోన్లు తగిలించి ఇరవై నిమిషాలు చూడాలి. నెట్ ఆగిపోతే ఎర్ర చీటీ అంటించి తయారీ కంపెనీకి పంపాలి. ఆగకపోతే నీలం ముద్ర, 'లోపం కనబడలేదు' అని. అది కొన్నవాళ్ళకే వెనక్కి పోతుంది.

ఆయన దగ్గర ఎక్కువగా పడేది నీలం ముద్రే. అబద్ధం ముద్ర ఒక్కటీ వేయలేదు. ఇరవై నిమిషాల్లో కనబడనిది కనబడలేదనే రాశాడు.

ఇంట్లో ఉన్నదీ అదే కంపెనీ రూటరు. వాళ్ళది కింది వాటా. చుట్టూ ఎత్తయిన మేడలు లేచాక ఇంట్లో ఫోను సిగ్నల్ చచ్చిపోయింది. వీధిలోకి నాలుగడుగులు వేస్తేనే వస్తుంది. లోపల ఉన్నంతసేపూ మాట్లాడాలన్నా, మెసేజ్ పెట్టాలన్నా వైఫై ఒక్కటే దారి. గదులన్నిటికీ బాగా అందుతుందని రూటరును దక్షిణపు కిటికీ గట్టు మీద ఆయనే పెట్టాడు. భార్య ఆ పక్కనే కుర్చీ వేసుకుని, ఒక ఆఫీసుకు ఉత్తరాలు టైపు చేసి పంపుతుండేది.

"రెండింటికి పోతోందండీ" అందామె ఒకరోజు.

"ఎన్నాళ్ళకోసారి?"

"ఎండ కాసిన ప్రతిరోజూ. రెండుకి కాస్త అటూ ఇటూ పోతుంది, మూడింటి లోపు మళ్ళీ తనే వస్తుంది. కునుకు తీసి లేచినట్టు."

"భోజనం బాగా పెడుతున్నావేమో."

"నవ్వండి, నవ్వండి. ఊళ్ళోవాళ్ళ రూటర్లకు వైద్యం, ఇంట్లోదానికి వేళాకోళం."

ఆయన దాన్ని సంచిలో వేసుకుని ఆఫీసుకు తీసుకెళ్ళాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. అలవాటు ప్రకారం ముందు పిన్ను గుచ్చాడు, తర్వాత ఇరవై నిమిషాలు చూశాడు. రెండుసార్లూ నీలం ముద్ర కొట్టిన చీటీతో సహా ఇంటికి తెచ్చాడు. రెండో చీటీని ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని చదివింది.

"మీ ఆఫీసులో చల్లగా కూర్చోబెడితే నాకూ ఏ లోపం కనబడదు" అంది.

ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, మర్నాడు గదిలో అందరికీ చెప్పి నవ్వించాడు.

నెల తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం బల్ల దగ్గర ఉండగా ఆయనకు మెసేజ్ వచ్చింది. 'నెట్ మళ్ళీ పోయింది. వచ్చాక చూడండి. కంగారేం లేదు.' అప్పుడు టైము రెండూ ముప్పై నాలుగు. ఆయన నవ్వుకుంటూ వెంటనే జవాబు కొట్టాడు: 'నెట్ పోతే ఈ మెసేజ్ ఎలా వచ్చిందమ్మా?'

అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. మూతి ముడుచుకుందనుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఏం కొనుక్కెళ్తే అలక తీరుతుందా అని ఆలోచిస్తూ మరో మూడు రూటర్లు చూశాడు. నాలుగు దాటాక పైవాటా ఆవిడ వీధిలోకి వచ్చి ఫోను చేసింది. ఏదో ఇవ్వడానికి కిందికి దిగితే ఈవిడ కుర్చీలో అలాగే ఉందని చెప్పింది. పిలిస్తే పలకలేదట.

గుండె అన్నాడు డాక్టరు. రెండు ప్రాంతంలో జరిగి ఉంటుందన్నాడు.

"కాదండీ" అన్నాడాయన, ఫోను తెరిచి చూపిస్తూ. "రెండూ ముప్పై నాలుగుకి నాకు మెసేజ్ పెట్టింది. కంగారేం లేదంది. అప్పటికి బాగానే ఉంది."

డాక్టరు ఫోను వంకా, ఆయన మొహం వంకా చూసి, "అయితే అలాగే అయ్యుంటుంది లెండి" అన్నాడు.

ఆ రెండూ ముప్పై నాలుగునే పట్టుకుని ఆయన పదకొండు నెలలు బతికాడు. ఆ నిమిషానికి ఆమె బాగుంది. తనతో మాట్లాడింది. ఆ తర్వాతే ఏదో ఒక్క క్షణంలో, నొప్పి తెలిసేలోపే జరిగిపోయింది. నిద్ర పట్టనప్పుడు, అన్నం సయించనప్పుడు ఈ లెక్కే చెప్పుకునేవాడు. ప్యాకింగాయన కూడా 'లోపంలేదు గారు' అనడం మానేశాడు. శవం మాట మళ్ళీ ఎత్తలేదు. ఉత్త 'బాబాయ్' అని పిలిచేవాడు, అదీ గొంతు తగ్గించి. ఆయన దాన్ని గమనించాడు గానీ, గమనించినట్టు కనబడలేదు.

సోమవారం పొద్దున కంపెనీ నుంచి కాగితం వచ్చింది. అలాంటివి గట్టిగా చదివి వినిపించడం ప్యాకింగాయనకు సరదా.

"వినండహో! ఈ కింది నంబర్ల మధ్య ఉన్న రూటర్లన్నీ వెనక్కి పంపాలట. శుక్రవారం నాలుగింటికల్లా బండి వస్తుందట. లోపలి ముక్క ఒకటి చెడ్డదట. నాలుగైదు గంటలు వేడెక్కితే వైఫై దానంతటదే ఆగి, చల్లబడ్డాక దానంతటదే వస్తుందట. చల్లటి గదుల్లో పెట్టి చూస్తే ఈ లోపం..."

అక్కడ అతని గొంతు ఆగింది. చల్లగా కూర్చోబెడితే అన్న మాట అతనికీ గుర్తొచ్చింది. ఆ రోజు అందరికన్నా గట్టిగా నవ్వింది అతనే.

"...కనబడదట" అని మెల్లగా పూర్తిచేసి, కాగితం ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంట్లో రూటరు నంబరు ఆయనకు కంఠతా వచ్చు. రెండు చీటీల మీద రాశాడు కదా. అది ఆ నంబర్ల మధ్యనే ఉంది.

మర్నాడు దాన్ని సంచిలో తెచ్చాడు. పదకొండు నెలలుగా అది గట్టు మీద ఉత్త పెట్టెలా పడి ఉంది. ఆమె పోయిన సాయంత్రం ఇల్లు జనంతో నిండినప్పుడు, ఫ్యాను పెట్టడానికి ఎవరో దాని ప్లగ్గు పీకేశారు. ఆ తర్వాత దాంతో ఆయనకు పని పడలేదు. పైన పేరుకున్న దుమ్మును చొక్కా అంచుతో తుడిచాడు.

భోజనాల వేళ గది ఖాళీ అయింది. ఆయన చెయ్యి తనంతట తానే పిన్ను అందుకుని కన్నం దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆ రకం రూటర్లలో కరెంటు తీసేసినా చిట్టా చెరగదు. పిన్ను గుచ్చితేనే చెరుగుతుంది. ఇన్నేళ్ళుగా ప్రతి రూటరుకూ ముందు నోరు మూసి, ఆ తర్వాత నీకేం బాధ అని అడుగుతున్నానన్నమాట, అనుకున్నాడు. పిన్ను పక్కన పెట్టి చిట్టా తెరిచాడు.

ఆమె పోయిన రోజు తేదీ కింద పెద్దగా ఏమీ లేదు. ఒంటిగంటా యాభైకి: వేడి ఎక్కువైంది, వైఫై ఆగింది. రెండూ ముప్పై నాలుగుకి: వైఫై వచ్చింది. అదే నిమిషంలో: ఒక ఫోను కలిసింది. సాయంత్రం ఆరు దాటాక కరెంటు పోయింది. అంతే.

నలభై నాలుగు నిమిషాలు. మెసేజ్ ఒకటి రెండు నిమిషాలు ఆగి వచ్చి ఉంటుందని ఇన్నాళ్ళూ ఆయన అనుకున్నాడు. అసలు అనుకోనైనా అనుకోలేదు, ఆలోచన అటు పోనివ్వలేదు. నెట్ లేనప్పుడు రాసిన మెసేజ్ ఫోనులోనే కాచుకుని ఉంటుందనీ, నెట్ రాగానే ఎవరూ నొక్కకుండానే వెళ్ళిపోతుందనీ ఆయనకు తెలియనిదా? ఆ పని చేసే అన్నం తింటున్నాడు. నెట్ పోతే మెసేజ్ ఎలా వచ్చిందమ్మా అని అడిగాడు. ఇలా వచ్చింది.

రెండూ ముప్పై నాలుగుకి తనతో మాట్లాడింది ఎవరు మరి? కుర్చీలో మనిషి ఉండగానే వెళ్ళిందా, ఆమె లేకపోయాక ఫోను తన పాటికి తాను పంపేసిందా? అది తెలిసేది ఆమె ఫోనులో. ఆ ఫోను మరదలి దగ్గర ఉంది.

ఆమె పోయిన వారంలోనే మరదలు వచ్చి, "అక్క ఫోను నేను తీసుకెళ్తున్నా" అని అడగకుండానే సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రాకపోకలు పలచబడ్డాయి. కోపమని ఆయనకు అర్థమైంది. అక్క నెట్ సంగతి చెల్లెలికి చెప్పకుండా ఉంటుందా? ఎదురుపడి ఎందుకని అడిగే ధైర్యం ఆయనకు లేకపోయింది.

మరదలిది కుట్టు దుకాణం. రెండు మిషన్లు, గోడకు వేలాడే సగం కుట్టిన బట్టలు, నేల మీద గుడ్డముక్కలు. ఆయన్ని చూసి మిషను ఆపకుండానే, "రండి బావగారూ. ఆ స్టూలు మీద సూదులున్నాయి, చూసి కూర్చోండి" అంది.

"అక్క ఫోను నీ దగ్గరే ఉందామ్మా?"

మిషను ఆగింది. "ఉంది. ఎందుకిప్పుడు?"

"ఒకసారి చూడాలి."

"పదకొండు నెలలు అడగని మనిషి, ఈ పూట పని మానుకుని అడగొచ్చారా? పండ్లరసం తాగుతారా, తెప్పించనా?"

"నాకు ఆ మెసేజ్ ఎన్నింటికి రాసింది?"

"మీకు ఎన్నింటికి వచ్చింది?"

"రెండూ ముప్పై నాలుగు."

"అంతే మరి. అదే టైము." సూదిలో దారం ఎక్కిస్తూ అంది. దారం మూడుసార్లు కన్నం తప్పింది.

"రూటరు చిట్టా చూశానమ్మా. ఒంటిగంటా యాభై నుంచి నెట్ లేదు."

ఆమె దారం వదిలేసింది. తర్వాత లేచి సొరుగు లాగి, బొత్తాల డబ్బాల వెనక నుంచి గుడ్డసంచి ఒకటి తీసింది. ఫోను కొలతకు కుట్టి, మూతికి బొత్తాం పెట్టిన సంచి.

"నెలకోసారి ఛార్జింగ్ పెడుతుంటాను" అంది. "ఎందుకు పెడతావంటే నేనేం చెప్పను."

తెరిచి ఆయన ముందు పెట్టింది. ఒంటిగంటా యాభై ఏడుకి ఆయనకు ఫోను, కలవలేదు. యాభై ఎనిమిదికి ఇంకోసారి. రెండూ మూడుకి మళ్ళీ. రెండూ అయిదుకి మెసేజ్: నెట్ మళ్ళీ పోయింది, వచ్చాక చూడండి, కంగారేం లేదు.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఇంకేం లేదు బావగారూ."

బయట ఎవరో బేరమాడుతున్నారు. ఆయన మూడు కాల్స్‌నూ మళ్ళీ చదివాడు, నాలుగోది ఏదైనా కనబడుతుందేమో అన్నట్టు.

"నీకు అప్పుడే తెలుసా?"

"ఆ రాత్రే చూశాను. మీరు డాక్టరుతో అన్న మాట నేను పక్కనే ఉండి విన్నాను. ఆ టైము పట్టుకుని నిలబడ్డారు మీరు. ఇది మీ చేతిలో ఉంటే ఒక్క పూట కూడా నిలబడేవారు కాదు. అందుకే పట్టుకొచ్చేశాను."

"నా మీద కోపమనుకున్నాను."

"కోపమూ ఉంది. లేదని ఎందుకనాలి? అక్క నాతో ఎన్నిసార్లు మొత్తుకుందని! జాలీ కోపమూ రెండూ ఉన్నాయి. మిమ్మల్ని చూస్తే ఒకటి పైకొస్తుందని రావడం తగ్గించాను." పైటచెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒక్కటి చెప్తాను. మీరు పంపిన వేళాకోళం అక్క చదవలేదు. నేను తెరిచేదాకా అది తెరవకుండానే ఉంది."

ఆయన తలూపాడు. పట్టుకోవడానికి ఇప్పుడు మిగిలింది అదొక్కటే. చిన్నదే. అయినా దాన్ని భద్రంగా తీసుకున్నాడు.

"కంగారేం లేదని నిజంగానే అందంటావా," అన్నాడు చివరికి, "నేను కంగారుపడతానని అందంటావా?"

"మీరు ఆవిడతో ఇరవై ఆరేళ్ళు కాపురం చేశారు. నన్నడుగుతారేం?" అంది మరదలు. అని, మిషను మీద తల ఆనించి ఏడ్చింది.

శుక్రవారం ఆయన అందరికన్నా ముందొచ్చాడు. గదిలో ఏసీ కాబట్టి రూటరును బయట మెట్ల దగ్గర, ఎండ పడే కిటికీలో పెట్టి, పొడవాటి వైరుతో కరెంటు ఇచ్చి, స్టూలు వేసుకున్నాడు. కంపెనీ పరీక్షలేమీ చెయ్యమనలేదు. పోగేసి పంపితే చాలు. ప్యాకింగాయన వచ్చిపోతూ చూశాడు. పదింటికి చూశాడు, పన్నెండింటికి చూశాడు. ఒంటిగంటకు టిఫిన్ డబ్బా తెచ్చుకుని పక్కన మెట్టు మీద చతికిలబడ్డాడు.

"దేనికోసం బాబాయ్?"

"పోయేదాకా చూద్దామని."

రెండుకి తొమ్మిది నిమిషాలుందనగా రూటరు మీది పచ్చదీపం ఆరిపోయింది. చప్పుడేమీ కాలేదు. చూస్తూ ఉండకపోతే తెలియను కూడా తెలియదు.

ఆయన గడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. ఏడు నిమిషాలకు, ఇప్పుడు మొదటి ఫోను. ఎనిమిదికి రెండోది. పదమూడుకి మూడోది. మధ్యలో ఆ అయిదు నిమిషాలూ ఆమె ఏం చేసింది? మంచినీళ్ళు తాగిందా? లేచి వీధి దాకా వెళ్దామనుకుందా? పదిహేనుకి మెసేజ్. ఇక అక్కణ్ణుంచి ఇరవై తొమ్మిది నిమిషాలు. తన పరీక్ష కన్నా తొమ్మిది నిమిషాలు ఎక్కువ. మెట్ల మీద ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు. ఎండ గట్టు మీంచి నేల మీదికి జారింది. ప్యాకింగాయన డబ్బా మూత తియ్యనేలేదు.

"అట్ట ఒకటి అడ్డం పెట్టనా? నీడపడితే త్వరగా చల్లారి వస్తుంది" అన్నాడు కాసేపటికి.

"వద్దురా" అన్నాడాయన. "ఆ రోజు ఎవరూ పెట్టలేదు."

ప్యాకింగాయన లేవబోయినవాడల్లా మళ్ళీ కూర్చున్నాడు. ఆ నోరు అంతసేపు మూసి ఉండటం ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు.

రెండున్నర దాటాక పచ్చదీపం వెలిగింది, ఏమీ ఎరగనట్టు.

ఆయన దాన్ని బల్ల దగ్గరికి తెచ్చి పిన్ను గుచ్చాడు. పది సెకన్లు నొక్కి పట్టుకున్నాడు. దీపాలన్నీ ఆరి, ఒక్కొక్కటే కొత్తగా వెలిగాయి. ఎర్ర చీటీ తీసుకున్నాడు. 'కొన్నవారు చెప్పిన లోపం' అన్న గడిని ఏళ్ళ తరబడి ఖాళీగా వదిలేసేవాడు. ఈసారి గడి చాలక అంచుల దాకా రాశాడు: మధ్యాహ్నం రెండింటికి పోతుంది. మూడింటి లోపు తనే వస్తుంది. చల్లగా కూర్చోబెడితే కనబడదు. దాని కింద 'పరీక్షలో కనబడింది' అన్నచోట రాశాడు: ఆవిడ చెప్పిందే.

రూటరూ చీటీ ప్యాకింగ్ బల్ల మీద పెట్టాడు. ప్యాకింగాయన చీటీ చదివాడు. మిగతా రూటర్లన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టెల్లో పడేసి ఉన్నాయి. అతను మాత్రం దీన్ని విడిగా తీసుకుని, బుడగల కాగితం మూరెడు చింపి ఒక చుట్టు చుట్టాడు. మళ్ళీ ఇంకో మూరెడు చింపాడు.

"అక్కడికి వెళ్ళాక పగలగొట్టేసే సరుకే కదా" అన్నాడాయన. "దానికింత చుట్టడమెందుకు?"

"దారిలో దెబ్బ తగలకూడదు కదా బాబాయ్" అన్నాడు ప్యాకింగాయన, తల ఎత్తకుండా. "ఈ టేపు కొస కాస్త పట్టుకో."

ఆయన పట్టుకున్నాడు.